గిత్త బండను లాగితే బండ గిత్తను లాగదా?

ప్రకాశం జిల్లా పిల్లలకు బండలాగుడు పోటీ ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. సంక్రాంతికో, శివరాత్రికో, ఊరి తిరునాళ్లకో మట్టి చదును చేసి బరి కడతారు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ గిత్తల వయసును బట్టి విభాగాలు. ఇచ్చిన సమయంలో ఏ జత ఎన్ని అడుగులు లాగితే దానికి అంత పేరు. కాడి మెడ మీద పడగానే గిత్తలు తల వంచి ముందుకు ఒరుగుతాయి, గిట్టలు నేలలోకి దిగబడతాయి. బండ కాసేపు మొరాయిస్తుంది. తర్వాత ఒక్క ఉదుటున కదులుతుంది.

ఇంటర్ మొదటి సంవత్సరంలో గమన నియమాల పాఠం చెప్పేటప్పుడు ఏటా ఎవరో ఒకరు లేచి అడిగే ప్రశ్న ఈ బరిలోంచే వస్తుంది. "గిత్త బండను ఎంత బలంతో లాగితే బండ కూడా గిత్తను అంతే బలంతో వెనక్కి లాగుతుందన్నారు కదా సార్. రెండూ సమానం, ఎదురెదురు. కొట్టేసుకుంటే సున్నా. మరి బండ కదలడమేంది?"

తరగతిలో అందరూ నవ్వుతారు. నాకు మాత్రం ఆ పిల్లవాడి మీదే నమ్మకం కుదురుతుంది. నవ్వినవాళ్లు నియమాన్ని బట్టీ పట్టారు, అడిగినవాడు దాన్ని నమ్మి చూశాడు. నమ్మి చూస్తేనే చిక్కు కనిపిస్తుంది.

ఈ చిక్కు మన బరిలో పుట్టింది కాదు. న్యూటన్ 1687లో లాటిన్‌లో అచ్చు వేయించిన ప్రిన్సిపియా గ్రంథంలో ఈ మూడో నియమం (ప్రతి బలానికీ సమానమైన ఎదురు బలం ఉంటుంది) చెప్పగానే రెండు ఉదాహరణలు ఇస్తాడు. ఒకటి, రాయిని వేలితో నొక్కితే రాయి కూడా వేలిని నొక్కుతుంది. రెండోది, తాడు కట్టిన బండను గుర్రం లాగితే, ఆ బండ కూడా గుర్రాన్ని అంతే లాగుతుంది. గుర్రం స్థానంలో ఒంగోలు గిత్తను పెట్టండి, అది అచ్చంగా మన బండలాగుడే. మన గిత్తలు ఓడలెక్కి బ్రెజిల్ చేరి అక్కడ 'నెలోర్' జాతిగా స్థిరపడ్డాయి. నెల్లూరు పేరే అది. ఒంగోలు గిత్తకు నెల్లూరు పేరేమిటని ప్రకాశం వాళ్లు అలిగితే అది వేరే పంచాయితీ.

అసలు చిక్కు ఒక మాటలో ఉందని నా అభిప్రాయం. ఆ మాట 'బలం'.

మనం రోజూ ఎలా అంటాం? "ఆ గిత్తకు మంచి బలముంది." "వాడికి ఒంట్లో బలం లేదు." అంటే బలం ఒకరి దగ్గర ఉండే సొత్తు. గిత్త దగ్గర కొంత బలం, బండ దగ్గర కొంత బలం, ఎక్కువున్నవాడు గెలుస్తాడు. ఈ లెక్కన చూస్తే రెండు బలాలూ సమానమనే మాట అర్థం లేనిదిగానే తోస్తుంది. సమానమైతే పోటీ డ్రా కావాలి కదా!

భౌతికశాస్త్రంలో బలం ఎవరి సొత్తూ కాదు. అది ఇద్దరి మధ్య జరిగే వ్యవహారం. ఒక చేత్తో చప్పట్లు మోగనట్టే ఒక్క వస్తువుతో బలం పుట్టదు. గిత్తకు ఉన్నది కండ, ఒంట్లో దాచుకున్న శక్తి. బలం మాత్రం గిత్తకూ తాడుకూ మధ్య, గిట్టకూ నేలకూ మధ్య, ఆ క్షణంలో పుడుతుంది. ఖాళీ బరిలో తాడు లేకుండా ఎంత కండ ఉన్న గిత్తయినా 'లాగడం' చెయ్యలేదు. కాబట్టి బలం అనే మాట వినగానే అడగాల్సినవి రెండే: ఎవరు? ఎవరి మీద?

రెండోది ఇంకా ముఖ్యం. వస్తువు కదలిక మారడానికి లెక్కలోకి వచ్చేవి దాని మీద పనిచేసే బలాలే. అది ఇతరుల మీద చేసే బలాలు దాని లెక్కలోకి రావు. మీ నాన్న పక్కింటాయనకు వెయ్యి రూపాయలు ఇచ్చాడు, పక్కింటాయన మీ నాన్న దగ్గర వెయ్యి తీసుకున్నాడు. రెండూ వెయ్యే కాబట్టి ఎవరి జేబులోనూ మార్పు లేదని ఎవరైనా అంటారా? జేబులు వేరు, ఖాతాలు వేరు. మూడో నియమంలోని జంట బలాలు ఎప్పుడూ రెండు వేర్వేరు వస్తువుల ఖాతాల్లో పడతాయి. అందుకే అవి ఒకదాన్నొకటి కొట్టేసుకునే ప్రశ్నే రాదు.

ఇప్పుడు బండ ఖాతా ఒక్కటే తెరుద్దాం. దాన్ని తాడు ముందుకు లాగుతోంది. నేల ఘర్షణతో వెనక్కి పడుతోంది. తాడు లాగుడు ఎక్కువైతే బండ కదులుతుంది. బండ గిత్తను వెనక్కి లాగుతోంది నిజమే, కానీ అది గిత్త ఖాతా, ఇక్కడ రాయకూడదు. సరే, గిత్త ఖాతా తెరవండి. తాడు దాన్ని వెనక్కి లాగుతోంది. మరి ముందుకు తోసేదెవరు?

ఈ ప్రశ్న వేస్తే తరగతి మొత్తం ఒక్కసారి మౌనమవుతుంది. "దాని బలమే సార్" అని ఎవరో గొణుగుతారు. కాదు. నేల! గిత్త గిట్టతో నేలను వెనక్కి తన్నుతుంది, నేల గిత్తను ముందుకు తోస్తుంది. పందెం గెలిపించే బలం బయటి నుంచి వచ్చేదే. కొత్తపట్నం బీచ్‌లో బైకు ఇసుకలో కూరుకుపోయినప్పుడు చూడండి, ఇంజన్ మామూలుగానే గర్జిస్తుంది, చక్రం గిర్రున తిరుగుతుంది, బండి మాత్రం అడుగు కదలదు. ఇంజన్ నీరసించలేదు. ఇసుక తోయడం మానేసింది, అంతే.

ఇలా ఒక్కో వస్తువును విడదీసి, దాని మీది బలాలను మాత్రమే బాణాలుగా గీయడాన్ని పాఠ్యపుస్తకం స్వేచ్ఛా వస్తు పటం అంటుంది. పిల్లలు దాన్ని మార్కుల కోసం గీసే బొమ్మ అనుకుంటారు. నన్నడిగితే యాంత్రికశాస్త్రంలో సగం ఆ బొమ్మే. ఒకే కాగితం మీద గిత్తనూ బండనూ కలిపి గీసి, బాణాలన్నీ అక్కడే కుక్కితే చిక్కు విడిపోదు, ముడి పడుతుంది.

ఇక అంకెల్లోకి వెళ్దాం. బండ 1,500 కిలోలు, గిత్త ఒక్కొక్కటీ 600 కిలోల చొప్పున జత 1,200 కిలోలు అనుకుందాం. బండకూ నేలకూ స్థైతిక ఘర్షణ గుణకం (కదలకముందు నేల పట్టు, నేలను నొక్కే బలంలో ఎన్నో వంతో చెప్పే అంకె) 0.6, కదిలాక గతిక ఘర్షణ గుణకం 0.5. ఇవి లెక్క కోసం నేను వేసుకున్న విలువలు. బరిలో మట్టిని బట్టి మారతాయి. గురుత్వ త్వరణం (పడే వస్తువు వేగం సెకను సెకనుకూ పెరిగే లెక్క) 9.8.

బండ బరువు 1,500 × 9.8 = 14,700 న్యూటన్లు (బలాన్ని కొలిచే ప్రమాణం). తాడు నేలకు సమాంతరంగా ఉంటే బండను కదిలించడానికి 0.6 × 14,700 = 8,820 న్యూటన్లు కావాలి. అంత బలాన్ని గిట్టల దగ్గర నేల ఇవ్వాలి. జత బరువు 11,760 న్యూటన్లు. 8,820ని 11,760తో భాగిస్తే 0.75. అంటే బండకు నేలతో ఉన్న పట్టు 0.6 అయితే, గిట్టలకు కనీసం 0.75 పట్టు దొరకాలి. లేకపోతే కండ ఎంతున్నా గిట్టలు జారతాయి, బండ ఉన్నచోటే ఉంటుంది. గిట్ట మట్టిలోకి దిగబడటం ఎందుకు మేలో ఇక్కడ తెలుస్తుంది. దిగబడిన గిట్టకు ఉత్త ఘర్షణే కాదు, వెనక ఉన్న మట్టి గోడ కూడా ఆనుడు ఇస్తుంది.

అయితే బరిలో తాడు నేలకు సమాంతరంగా ఉండదు. కాడి గిత్త మెడ మీద, పైన ఉంటుంది. బండ కింద ఉంటుంది. తాడు బండ నుంచి కాడి వైపు ఏటవాలుగా పైకి పోతుంది. ఈ చిన్న వాలులో ఎంత కథ ఉందో చూడండి. ఆ కోణం 15 డిగ్రీలు అనుకుంటే, తాడు బండను ముందుకు లాగడమే కాదు, కాస్త పైకి కూడా ఎత్తుతుంది. ఎత్తినంత మేర బండ నేలను నొక్కడం తగ్గుతుంది, నొక్కడం తగ్గితే ఘర్షణ తగ్గుతుంది. తన్యతను (బిగిసిన తాడు లాగే బలాన్ని) T అనుకుని సమీకరణం రాస్తే:

T × కొసైన్ 15° = 0.6 × (14,700 − T × సైన్ 15°)

దీన్ని సాధిస్తే T సుమారు 7,870 న్యూటన్లు వస్తుంది. సమాంతరంగా లాగినప్పటికంటే 950 న్యూటన్లు తక్కువ. ఇది సగం లాభమే. తాడు బండను పైకి ఎత్తితే గిత్తలను ఏం చేస్తుంది? మూడో నియమం మళ్లీ వచ్చింది. అంతే మేర కిందికి అదుముతుంది. సుమారు 2,040 న్యూటన్లు. దాంతో గిట్టలు నేలను నొక్కే బలం 11,760 నుంచి 13,800 దాకా పెరుగుతుంది. నేల ముందుకు ఇవ్వాల్సిన బలమేమో 8,820 నుంచి 7,600కు (T × కొసైన్ 15°) దిగింది. భాగించి చూస్తే కావలసిన పట్టు 0.55 చాలు! 0.75 ఎక్కడ, 0.55 ఎక్కడ. బండ తేలికవుతూ గిత్త బరువెక్కుతోంది, రెండూ ఒకే తాడు పుణ్యం. కోణం ఇంకా పెంచితే ఇంకా లాభమే కదా అనకండి. లాగే బలం అన్నిటికంటే తక్కువయ్యేది కోణం టాంజెంట్ ఘర్షణ గుణకానికి సమానమైనప్పుడు. 0.6కు అది దాదాపు 31 డిగ్రీలు. అంత కోణం కావాలంటే బండ గిత్తల కాళ్లకు తగిలేంత దగ్గరకు రావాలి. పైగా కిందికి అదిమేది జంతువు మెడను.

ఇప్పుడు ఆ 'ఒక్క ఉదుటు' సంగతి. కదలని బండ 0.6తో పట్టుకుంది, కదిలిన మరుక్షణం 0.5కు దిగింది. తాడు లాగుడు అదే 7,870 దగ్గర ఉందనుకుంటే, బండ మీద ముందుకు 7,600, వెనక్కి 0.5 × (14,700 − 2,040), అంటే 6,330. మిగిలింది 1,270 న్యూటన్లు. దాన్ని 1,500 కిలోలతో భాగిస్తే త్వరణం సెకనుకు సెకనుకు 0.85 మీటర్లు. తాడు బిగువుగా ఉంది కాబట్టి గిత్తలకూ అదే త్వరణం రావాలి. వాటి 1,200 కిలోలకు ఆ త్వరణం ఇవ్వడానికి అదనంగా 1,020 న్యూటన్లు కావాలి. అంటే తాడు వాటిని 7,600తో వెనక్కి లాగుతుంటే నేల 8,620తో ముందుకు తోయాలి. మొదట అడిగిన పిల్లవాడికి జవాబు ఈ రెండు అంకెల్లోనే ఉంది. గిత్త మీద తాడు లాగుడు 7,600, బండ మీద తాడు లాగుడు 7,600, ఇవి రెండూ సమానమే. నేల తోపు 8,620. అది వాటి జంట కాదు, దాని జంట భూమి ఖాతాలో ఉంది.

ఇక్కడ తాడును బరువులేనిదిగా తీసుకున్నాం. నిజం తాడుకు బరువుంటుంది, రెండు చివరలా తన్యత కొద్దిగా తేడా వస్తుంది. పరీక్షలో 'ద్రవ్యరాశి లేని తాడు' అని రాసేది అందుకే.

మన పరిభాష చేసిన అన్యాయం కూడా ఒకటుంది. 'చర్య, ప్రతిచర్య' అనగానే ముందు ఒకటి జరిగి, దానికి బదులుగా రెండోది జరిగినట్టు వినిపిస్తుంది. రాజకీయ ఉపన్యాసాల్లో 'ప్రతి చర్యకూ ప్రతిచర్య ఉంటుంది' అంటే దెబ్బకు దెబ్బ అని అర్థం. న్యూటన్ చెప్పినదాంట్లో ముందూ లేదు, వెనకా లేదు. రెండూ ఒకే క్షణంలో పుడతాయి, ఒకే క్షణంలో పోతాయి. దేన్ని చర్య అనాలి, దేన్ని ప్రతిచర్య అనాలి అనేది కూడా మన ఇష్టమే. నేను తరగతిలో 'జంట బలాలు' అని వాడతాను. పరీక్షలో మాత్రం పుస్తకం మాటే రాయమంటాను, మార్కులు వాళ్ల చేతిలో ఉన్నాయి కదా.

ఇంకా పెద్ద అన్యాయం 'అభిలంబ ప్రతిచర్య' అనే పేరు. తన మీద ఆనిన వస్తువును నేల నిటారుగా పైకి తోసే బలానికి పెట్టిన పేరది. 25 కిలోల మొలగొలుకుల బియ్యం బస్తా నేల మీద ఉంది. బరువు 245 న్యూటన్లు కిందికి, నేల తోపు 245 న్యూటన్లు పైకి. సమానం, ఎదురెదురు, పేరులో ప్రతిచర్య అని కూడా ఉంది. ఇంకేం, ఇదే మూడో నియమం అని నూటికి తొంభై మంది రాసేస్తారు. ఒక్క పరీక్ష పెట్టండి: ఎవరి మీద? రెండూ బస్తా మీదే! జంట బలాలు ఒకే వస్తువు మీద ఉండవని ఇప్పుడే కదా చెప్పుకున్నాం. నమ్మకం కుదరకపోతే బస్తాను లిఫ్టులో పెట్టండి. లిఫ్టు 2 మీటర్ల త్వరణంతో పైకి లేస్తుంటే నేల తోపు 25 × 11.8 = 295 న్యూటన్లు, బరువు మాత్రం అదే 245. జంట అయితే ఏ పరిస్థితిలోనూ ఇలా తేడా రాకూడదు. మామూలు నేల మీద అవి సమానం కావడానికి కారణం బస్తాకు త్వరణం లేకపోవడం, అంటే రెండో నియమం (మిగులు బలం ఉంటేనే త్వరణం).

మరి బరువుకు అసలు జంట ఏది? భూమి బస్తాను 245 న్యూటన్లతో లాగుతోంది కాబట్టి బస్తా కూడా భూమిని 245 న్యూటన్లతో పైకి లాగుతోంది. అవును, అంత భూమినీ. బస్తా భుజం మీంచి జారి పడుతున్నంతసేపూ భూమి దాని వైపు లేస్తూనే ఉంటుంది. కాకపోతే భూమి ద్రవ్యరాశి దాదాపు 6 పక్కన 24 సున్నాలు పెట్టినన్ని కిలోలు. ఆ త్వరణం రాయాలంటే దశాంశ బిందువు తర్వాత 22 సున్నాలు పెట్టి అప్పుడు 4 వెయ్యాలి. బలాలు సమానం, ఫలితాలు సమానం కావు. ఈ రెండిటినీ ఒకటిగా చూడటం వల్లే "లారీ, ఆటో గుద్దుకుంటే లారీయే ఎక్కువ బలంతో కొడుతుంది" అనిపిస్తుంది. ఒకదాన్నొకటి ఒకే బలంతో కొట్టుకుంటాయి. ద్రవ్యరాశి తక్కువైన ఆటో ఎగిరిపడుతుంది.

బలం సొత్తు అనే భ్రమ ఇంకో రూపంలో కూడా వస్తుంది. మామిడికాయను పైకి విసిరితే, గాల్లో ఉండగా దాని మీద ఏ బలాలున్నాయో గీయమంటే చాలామంది కిందికి బరువు, పైకి 'చెయ్యి ఇచ్చిన బలం' గీస్తారు. కాయ చేతిని వదిలిన క్షణంలోనే చెయ్యి బలం ముగిసింది. కాయ వెంట పోయింది వేగం మాత్రమే, బలం కాదు. గాలి నిరోధాన్ని పక్కన పెడితే పైకి వెళ్తున్నా, శిఖరంలో క్షణం నిలిచినా, కిందికి వస్తున్నా దాని మీద ఒకటే బలం, ఒకటే త్వరణం, 9.8 కిందికి. ఒంగోలు నుంచి నెల్లూరు హైవే మీద తిన్నగా, నిలకడగా 80 కిలోమీటర్ల వేగంతో పోతున్న బస్సు మీద నికర బలం ఎంతంటే కూడా తడబడతారు. సున్నా. రోడ్డు ముందుకు తోసేది, గాలీ ఇతర నిరోధాలూ వెనక్కి పట్టేది సరిగ్గా సమానమైతేనే స్పీడోమీటర్ ముల్లు 80 దగ్గర నిలుస్తుంది. బలం కావలసింది వేగానికి కాదు, వేగం మారడానికి.

నేల తోపు లేని చోట ఏమిటి గతి? 1920 జనవరి 13న న్యూయార్క్ టైమ్స్ పత్రిక సంపాదకీయంలో అమెరికా రాకెట్ శాస్త్రవేత్త రాబర్ట్ గొడార్డ్‌ను ఎగతాళి చేసింది. శూన్యంలో ఆనుకోవడానికి ఏమీ ఉండదు కాబట్టి రాకెట్ పనిచేయదని, ఈ సంగతి హైస్కూలు పిల్లలకు కూడా తెలుసని దాని వాదన. 1969 జులై 17న, అపోలో 11 చంద్రుడి దారి పట్టిన మర్నాడు, ఆ పత్రికే తప్పు దిద్దుకుంది. రాకెట్ ఆనుకునేది గాలిని కాదు, తాను మోసుకెళ్లి విసిరేసే వాయువును. వాయువును రాకెట్ వెనక్కి తోస్తుంది, వాయువు రాకెట్‌ను ముందుకు తోస్తుంది. సెకనుకు ఎన్ని కిలోలు, ఎంత వేగంతో విసిరితే అంత తోపు. గిత్తకు నేల ఉంది, రాకెట్ తన నేలను తానే వెంట తీసుకెళ్తుంది.

శ్రీహరికోట 2022లో జిల్లాల విభజనతో నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకు మారింది కానీ, ప్రయోగమంటే నెల్లూరు వాళ్లు మేడలెక్కి దక్షిణం వైపు చూడటం మానలేదు. 2023 జులై 14న చంద్రయాన్-3ను మోసుకెళ్లిన ఎల్‌వీఎం3 రాకెట్ బయల్దేరేటప్పుడు సుమారు 640 టన్నులు. దాని బరువే దాదాపు 62.7 లక్షల న్యూటన్లు. వాయువుల తోపు సరిగ్గా అంతే ఉంటే రాకెట్ ఉన్నచోటే రగులుతూ నిలబడేది. దాటిన మిగులే దాన్ని లేపింది.

రాకెట్ సంగతి వచ్చాక ఒకసారి ఇంకో అబ్బాయి లేచాడు. "మన గిత్తల్ని, బండనీ చంద్రుడి మీదికి తీసుకుపోతే సార్?" అక్కడ గురుత్వం ఆరో వంతే కాబట్టి బండ సులువుగా వచ్చేస్తుందని వాడి ఊహ. బోర్డు మీద లెక్క మళ్లీ వేశాం. కావలసిన తన్యత నిజంగానే ఆరో వంతుకు పడింది. గిత్తల బరువూ ఆరో వంతుకు పడింది. భాగిస్తే మళ్లీ అదే 0.55. మట్టి పట్టు ఇక్కడిలాగే ఉందనుకుంటే, ప్రకాశం బరిలో గిట్టలు జారిన జత అక్కడా జారుతుంది.